నమాజు వరుసలో కలిసిన భుజాలు కలెక్టరేటు మెట్ల మీద ఎందుకు విడిపోతున్నాయి?

మా ప్రాంతంలోని ఒక మసీదులో, వుజూ చేసే హౌజు పక్కన గోడకు ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. 'మసీదులో దునియా మాటలు మాట్లాడరాదు' అని ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి ఉంటుంది. ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం బయటికి వస్తున్న వేళ, ఆ బోర్డుకు పది అడుగుల దూరంలో, చెప్పులు విడిచే చోట ఒక వితంతువు చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడి ఉంది. భర్త పోయి ఏడాది దాటింది. నెలకు 4,000 రూపాయల పింఛనుకు అర్హురాలు. కానీ ఆధార్‌లో 'షేక్' పేరుకు ముందుంది, రేషన్ కార్డులో వెనుక ఉంది, భర్త మరణ ధ్రువపత్రంలో అసలే లేదు. వార్డు సచివాలయం వారు మీసేవకు పంపారు, మీసేవ వారు మున్సిపల్ కార్యాలయానికి పంపారు, అక్కడివారు మళ్లీ సచివాలయానికే పంపారు. ఆమె అడిగింది డబ్బు కాదు. "ఈ కాగితాలు ఎవరైనా చూసి చెప్తారా సాబ్" అని మాత్రమే అడిగింది. కొన్ని వందల మంది ఆమె పక్కనుంచి నడిచి వెళ్లారు. ఒకరిద్దరు పది రూపాయల నోటు చేతిలో పెట్టబోతే ఆమె తీసుకోలేదు.

లోపల వరండాలో ఒక పక్కన కూర్చోబెట్టి ఆ కాగితాలు చూద్దామని మేము కమిటీ పెద్దను అడిగాం. ఆయన బోర్డు వైపు వేలు చూపించాడు. "భాయ్, అల్లాహ్ ఇంట్లో ఇవి వద్దు. బయట చూసుకోండి."

ఆ వేలిని గురించే ఈ వ్యాసం.

ఆ పెద్దాయన మీద మాకు కోపం లేదు. మసీదులో క్రయవిక్రయాలు చేయరాదనీ, పోయిన వస్తువు కోసం కేకలు వేయరాదనీ హదీసులు ఉన్నాయి. వాటిని మనసులో ఉంచుకునే ఆయన అలా అన్నాడు. కానీ ఆ హదీసులు నిషేధించింది సొంత వ్యాపారాన్ని, సొంత గోలను. బలహీనుడి హక్కును కాదు. దైవప్రవక్త (స) మదీనాలో కట్టిన మసీదులో ఇల్లూవాకిలీ లేని పేదలు సుఫ్ఫా అరుగు మీద నివసించారు. తగవులు అక్కడే తీరాయి, రాయబారులు అక్కడికే వచ్చారు, నజ్రాన్ నుంచి వచ్చిన క్రైస్తవ ప్రతినిధులకు అక్కడే ఆతిథ్యం దొరికింది. ఆ మసీదును ఊడ్చే ఒక స్త్రీ కొన్నాళ్లు కనబడకపోతే ఆమె ఏమైందని ప్రవక్త (స) వాకబు చేశారు. చనిపోయిందనీ, చిన్న విషయమనుకుని తమకు తెలియజేయలేదనీ సహచరులు చెబితే, ఆమె సమాధి ఎక్కడుందో చూపమని అడిగి అక్కడికి వెళ్లి ప్రార్థించారు. మన మసీదుల్లో ఊడ్చే మనిషి నెల రోజులు కనబడకపోతే ఎంతమంది ముతవల్లీలు వాకబు చేస్తారు? కనీసం ఆ మనిషి పేరు కమిటీ రిజిస్టరులో ఉంటుందా?

ఇహం ఒక గదిలో, పరం ఒక గదిలో పెట్టి మధ్యన గోడ కట్టడం మన ధర్మంలో లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికన్నా దీర్ఘమైన ఆయత్ దేని గురించో మన పిల్లలను అడిగి చూడండి. అది స్వర్గనరకాల వర్ణన కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితం రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ చెప్పే ఆయత్ అది. ప్రభుత్వ కార్యాలయాల్లో దశాబ్దాల పాటు ఫైళ్లు మోసిన మాకు ఆ ఆయత్ చదివినప్పుడల్లా ఒక ధైర్యం కలుగుతుంది. గుమాస్తా పని కూడా ఇబాదత్ కాగలదన్నమాట.

మన జమాఅత్‌లకు శక్తి లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. 2021 మే నెలను తిరుపతి మరచిపోలేదు. ఆ నెల 10వ తేదీ రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు ప్రాణాలు విడిచారు. శవాలను ముట్టుకోవడానికి సొంత బిడ్డలే భయపడిన రోజులవి. అప్పుడు తిరుపతి ముస్లిం సంఘాల యువకులు రక్షణ దుస్తులు వేసుకుని, మతం అడగకుండా, ఎవరి శవానికి వారి ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరిపించారు. హిందువును శ్మశానానికి, క్రైస్తవుని వారి తోటకు, ముస్లింను ఖబరస్తానుకు చేర్చారు. రంజాన్ ఉపవాసాలతో ఉండి కూడా చేసినవారున్నారు. శ్రీవారి పాదాల చెంత ఉన్న ఊరిలో ఆ దృశ్యం చూసిన మా హిందూ మిత్రుడొకాయన, మాతోపాటు ఉద్యోగం చేసి రిటైరైనవాడు, ఇప్పటికీ ఆ పిల్లల ప్రస్తావన వస్తే లేచి నిలబడతాడు.

మరి మా ప్రశ్న ఇది. చావు దగ్గర అంత క్రమశిక్షణతో కూడగలిగిన జమాఅత్, బతుకు దగ్గర ఎందుకు చెదిరిపోతోంది? శవానికి భుజం ఇచ్చినవాడు సజీవుడికి ఒక సంతకం ఎందుకు ఇవ్వడు?

వక్ఫ్ వ్యవహారాన్నే తీసుకుందాం. 2025 ఏప్రిల్ తొలివారంలో పార్లమెంటు ఉభయసభలూ వక్ఫ్ సవరణ బిల్లును ఆమోదించాయి. 5న రాష్ట్రపతి సంతకం, 8 నుంచి అమలు. ఆ చట్టంలో అన్యాయం ఉందన్నదే మా నిశ్చితాభిప్రాయం. తరతరాల వాడుకతో వక్ఫ్ అయిన ఆస్తిని ఇక మీదట గుర్తించబోమనడం, మన ధర్మాదాయ బోర్డుల్లోకి ఇతరులను చట్టం పెట్టి తేవడం, ఏ ఇతర మతసంస్థ విషయంలోనూ జరగని పనులు. సుప్రీంకోర్టు సెప్టెంబరు 15న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను నిలిపివేసింది. అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నవాడే వక్ఫ్ చేయాలన్న నిబంధన అందులో ఒకటి. ప్రభుత్వ అధికారి నివేదికతోనే ఆస్తి స్వభావం మారిపోయే నిబంధన మరొకటి. కానీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నదాన్ని నిలపలేదు. ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించడానికి జూన్ 6 నుంచి ఆరు నెలల గడువు, అంటే డిసెంబరు 6 వరకు.

ఆ ఆరు నెలల్లో మనం ఏం చేశాం? వాట్సాప్‌లో శాపనార్థాలు పెట్టాం. ఏప్రిల్ 30 రాత్రి ముస్లిం పర్సనల్ లా బోర్డు పిలుపు మేరకు పావుగంట దీపాలు ఆర్పాం. అది మంచి పనే, మేమూ ఆర్పాం. కానీ దీపాలు మళ్లీ వెలిగించాక బీరువా తెరిచి దస్తావేజులు వెతికిన కమిటీలు ఎన్ని? చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మేము తిరిగిన చోటల్లా ఒకటే దృశ్యం. ముంతఖబ్ నకలు లేదు. గెజిట్ ఏ సంవత్సరానిదో తెలియదు. డైగ్లాట్ రిజిస్టరులో సర్వే నంబరు ఎదుట మసీదు అని ఉందా, ఇనాం అని ఉందా, గ్రామనత్తం అని ఉందా, ఎవరూ చూడలేదు. ఒక ఊరిలో ఖబరస్తాను హద్దులు అడిగితే, పాత ముతవల్లీ మనవడు బెంగళూరులో ఉన్నాడు, కాగితాలు ఆయన అటకమీద ఉన్నాయి అన్నారు. 22-ఎ నిషేధిత జాబితాలో తమ వక్ఫ్ భూమి ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఒక్కసారైనా విచారించిన కమిటీ మాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని దొరకలేదు. ఆ జాబితాలో లేకపోతే ఎవడైనా పట్టపగలు అమ్ముకోవచ్చు. అమ్ముకున్నారు కూడా. అమ్మినవారిలో మనవాళ్లే ఎక్కువ అన్న మాట రాయడానికి చేయి వణుకుతుంది. అయినా రాయాలి. న్యాయం మీ మీదికే వచ్చినా, మీ తలిదండ్రుల మీదికీ బంధువుల మీదికీ వచ్చినా దానికే సాక్షులుగా నిలబడమని అన్నిసా సూరా ఆదేశిస్తోంది కాబట్టి.

ఢిల్లీ చేసిన చట్టం మీద కోర్టులో పోరాడాల్సిందే. కానీ సొంత బీరువాకు చెదలు పట్టించుకున్నవాడు ఢిల్లీని మాత్రమే తిట్టి ఊరుకుంటే, తప్పులో సగం అతనిది.

ఇక్కడ మా యువకుల మాట వస్తుంది. "చిచ్చా, దరఖాస్తులతో ఏమవుతుంది? రోడ్డెక్కితే గానీ వినరు" అంటారు. వారి కోపం న్యాయమైనదే. 2020 నవంబరులో నంద్యాలలో ఒక ఆటో డ్రైవరు పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నానని వీడియోలో చెప్పుకుని, భార్యాబిడ్డలతో సహా రైలు కింద పడ్డాడు. ఆ నలుగురి మరణం మీద రాష్ట్రమంతా కదిలింది. ధర్నాలు జరిగాయి, ఎక్కడా ఒక్క రాయి లేవలేదు. ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. వారికి బెయిలు వస్తే రద్దు చేయమని ప్రభుత్వమే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. రోడ్డెక్కడం వల్ల ఫలితం వచ్చిందని ఆ పిల్లలు అంటే కాదనం. కానీ మమ్మల్ని నిద్రపట్టనివ్వనిది మరొకటి. ఆ వీడియో తీసుకునే ముందు ఆ మనిషి వెళ్లి చెప్పుకోదగిన చోటు ఒకటి ఊళ్లో ఉండి ఉంటే? శుక్రవారం నమాజు తరువాత నలుగురు పెద్దలు, ఒక వకీలు కూర్చునే బల్ల ఒకటి ఉండి ఉంటే? మన ఊళ్లో అయినా ఈరోజు అలాంటి బల్ల ఉందా?

రోడ్డెక్కడం వేరు, రాయి ఎత్తడం వేరు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ చట్టం మీద నిరసన బెంగాల్‌లోని ముర్షిదాబాద్‌లో హింసగా మారింది. ముగ్గురు చనిపోయారు. హిందూ కుటుంబాలు ఇళ్లు విడిచి వెళ్లాయి. ఆ రోజు నుంచి దేశంలో చర్చ చట్టం గురించి కాకుండా మన గురించి అయింది. ఒక జాతి మీద ఉన్న వైరం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదన్న మాయిదా సూరా ఆదేశం మరచినందుకు మనం చెల్లించిన మూల్యం అది. వ్యూహం కోసం మాత్రమే మేమీ మాట అనడం లేదు. పొరుగువాడి ఇల్లు తగలబడుతుంటే మనకు దక్కిన హక్కు హలాల్ కాదు.

అహింస పిరికివాళ్ల మార్గమనుకునే పిల్లలకు హుదైబియా చెప్పాలి. హిజ్రీ 6వ సంవత్సరం. సుమారు 1,400 మంది ఇహ్రాం దుస్తుల్లో, ఖుర్బానీ ఒంటెలతో ఉమ్రాకు బయలుదేరారు. యుద్ధ సన్నాహం లేదు, ప్రయాణికుడు మోసే ఒర కత్తి తప్ప. మక్కా వారు అడ్డగించారు. సంధి పత్రం రాసేటప్పుడు 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటే వద్దన్నారు. హజ్రత్ అలీ (రజి) ఆ మాట చెరపలేనన్నారు. ప్రవక్త (స) స్వయంగా చెరిపించారు. సహచరుల రక్తం ఉడికిపోయింది. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారే, మనం సత్యం మీద లేమా అని అడిగారు. ఖుర్బానీ చేసి తలలు గొరిగించుకోండని ప్రవక్త (స) మూడుమార్లు చెప్పినా ఎవరూ కదలలేదు. అప్పుడు గుడారంలో హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఇచ్చిన సలహా ఏమిటి? మీరు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి మీ ఖుర్బానీ మీరు చేయండని. ఆయన అలాగే చేశారు. అందరూ లేచారు. రెండేళ్లకు మక్కా చేతికి వచ్చింది. అవమానాన్ని దిగమింగి కాగితం మీద సంతకం చేయడం ఎంత కష్టమైన జిహాదో ఆ రోజు 1,400 మందికి తెలిసింది. దారి చూపింది ఒక స్త్రీ అన్నది మన కమిటీలు జ్ఞాపకం పెట్టుకోవాలి. పైన చెప్పిన ఆ వితంతువు వరండా కూడా ఎక్కలేని మసీదుల కమిటీలు మరీనూ.

మన గడ్డ చరిత్రలో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ దీన్నే ఒక సైన్యంగా మలచాడు. తుపాకీ లేని పఠాన్ ఉండడనుకునే నేలలో 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళాన్ని స్థాపించాడు. చేరేవాడు హింస చేయననీ, ప్రతీకారం తీర్చుకోననీ అల్లాహ్ పేరిట ప్రమాణం చేయాలి. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో తెల్లవాళ్ల సైన్యం నిరాయుధ జనం మీద తూటాలు కురిపించింది. అక్కడే గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన హిందూ సైనికులు చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో, ఈ నిరాయుధుల మీద కాల్చమని తుపాకులు దించారు. జైళ్లకు వెళ్లారు. ఎదుటివాడి చేతిలో రాయి ఉండి ఉంటే ఆ తుపాకులు దిగేవా?

అమెరికాలో మాంట్‌గోమరీ నల్లజాతివారు 1955 డిసెంబరు నుంచి 381 రోజులు సిటీ బస్సు ఎక్కకుండా నడిచారు. ఆ ఉద్యమానికి కార్యాలయం చర్చి. కార్లు సర్దింది చర్చి, చందాలు పోగుచేసింది చర్చి, బస్సులో ఎవరైనా తిట్టినా కొట్టినా ఎలా మసలుకోవాలో కుర్చీలు వరుసగా వేసి సాధన చేయించింది చర్చి. నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌కు అప్పుడు 26 ఏళ్లు. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడిని మూయించిన రోశమ్మకూ ఆమె తోటి ఆడవాళ్లకూ అక్షరదీపం తరగతే ఆ చర్చి అయింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. కూడే చోటు ఉన్నవాళ్లే గెలిచారు. మనకు రోజుకు అయిదుసార్లు కూడే చోటు ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ఇంటి లోపలి అన్యాయం మీద మౌనంగా ఉండి బయటి అన్యాయం మీద గొంతు చించుకుంటే వినేవాడు నవ్వుతాడు. వరకట్నం హరామని జుమా ప్రసంగంలో వింటాం. ఆ సాయంత్రమే షాదీఖానాలో కారు తాళాలు చేతులు మారుతుంటే కమిటీ పెద్దలే బిర్యానీ తింటుంటారు. దూదేకుల సోదరులు మన వరుసలోనే నిలబడి నమాజు చేస్తారు. కానీ కమిటీలో వారికి ఎన్ని చోట్లు ఇచ్చాం, సంబంధం మాట వస్తే ఎన్ని ఇళ్లలో ముఖం చిట్లిస్తాం? వారిలో చాలామందికి ఉర్దూ రాదు. తెలుగులో ఒక్క ముక్క బయాన్ చెప్పమంటే భాష పోతుందన్నట్టు కంగారుపడతాం. ఇక లెక్కలు. చందా డబ్బాలో ఏం పడింది, దుకాణాల అద్దె ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మూడు నెలలకు ఒకసారి గోడకు అంటించమని మేము అడిగితే, "మా మీద నమ్మకం లేదా భాయ్" అన్న జవాబు వస్తుంది. నమ్మకం లేకకాదు. కాగితం రాసుకోమని అల్లాహ్ చెప్పాడు గనుక.

నాయకులను ఇఫ్తార్‌కు పిలిచి శాలువా కప్పే పద్ధతి గురించి కూడా ఒక మాట. ఇమాముకు 10,000, మౌజన్‌కు 5,000 గౌరవవేతనం ప్రభుత్వమిస్తోంది. మంచిదే. కానీ అది నెలల తరబడి రానప్పుడు ఆ శాలువా కప్పుకున్నాయనను నిలదీసిన కమిటీ ఏది? 2022లో కేంద్రం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఆపేసింది, మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఎత్తేసింది. ఏ మసీదు మైకులోనైనా ఆ వార్త చెప్పారా? 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీదనే నిలిచి ఉందని మన ఇంటర్ పిల్లల్లో ఎందరికి తెలుసు? శాలువాలు కప్పేందుకు పోగయ్యే జనంలో పదోవంతు సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు క్రమశిక్షణతో, రశీదు తీసుకునేదాకా కదలకుండా వస్తే చాలు.

మేము అడుగుతున్నది పెద్దదేమీ కాదు. శుక్రవారం జుమా తరువాత ఒక గంట, వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు. రిటైరైన ఉపాధ్యాయుడో, గుమాస్తానో, చదువుకున్న ఒక ఆడపిల్లో కూర్చోవాలి. ఆడవాళ్లు వచ్చేందుకు వేరే ద్వారం ఉండాలి. హిందువైనా, దళితుడైనా కాగితం పట్టుకుని వస్తే అతనిదీ రాయాలి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక కప్పు టీ ఖరీదుతో ఖబరస్తాను సర్వే నకలు వస్తుంది. ఏ దరఖాస్తు ఎక్కడ ఆగిందో రిజిస్టరులో ఉంటే, ధర్నాకు కూర్చోవలసిన రోజు వచ్చినప్పుడు మన చేతిలో నినాదంతో పాటు తేదీలు కూడా ఉంటాయి. అధికారికి నినాదం భయం కాదు. తేదీ భయం. ఇది మేము కుర్చీకి అవతలి వైపు కూర్చుని నేర్చుకున్న సంగతి.

ఆ వితంతువు కాగితాలు ఏమయ్యాయని అడుగుతారేమో. మసీదు ఎదుటి టీ అంగడిలో కూర్చుని చూశాం. బల్ల తుడిచి ఇచ్చినది ఆ అంగడి నాయుడు. మరణ ధ్రువపత్రంలో పేరు దిద్దించడానికి రెండు నెలలు, రేషన్ కార్డుకు మరో నెలన్నర, మూడు సోమవారాలు కలెక్టరేటు మెట్లు. పింఛను ఇంకా మంజూరు దశలోనే ఉంది. ఈ మధ్యలో ఆ టీ అంగడికి మరి పదకొండు మంది కాగితాలు పట్టుకుని వచ్చారు. వారిలో ముగ్గురు ముస్లింలు కారు.

బోర్డు ఇంకా అక్కడే వేలాడుతోంది. వచ్చే ఆదివారం అసర్ తరువాత కమిటీ సమావేశం ఉంది. వరండాలో బల్ల అన్నది చర్చాంశాల్లో చేర్చమని రాతపూర్వకంగా ఇచ్చాం, రశీదు తీసుకున్నాం. పెద్దాయన సంతకం చేస్తూ ఏమీ అనలేదు, కలం మాత్రం మా దగ్గరే అడిగి తీసుకున్నాడు.